కావలి ఇసుక కరగించినది, సున్నపురాయి దాచినది

కావలికి చేరువనున్న తుమ్మలపెంట యొడ్డున శీతకాలమున నడచువారికి, వలలలో చిక్కి యూపిరాడక చచ్చి కెరటములతో కొట్టుకొనివచ్చిన సముద్రపు తాబేళ్లు కనబడుచుండును. కుక్కలును కాకులును పీతలును తమతమ భాగములు పంచుకొనిన పిమ్మట మిగిలిన దుమ్ములను ఎండయు ఉప్పుగాలియు క్రమముగా పిండిచేయును. ఎముక వేలయేండ్లు నిలుచుట దాని గట్టిదనముచేత గాదు, అది పడిన మంటి దయచేత.

ఆ దయ కర్నూలు సీమలోని బేతంచెర్ల సున్నపురాతి గుహలయందు కలదు. స్థానికులు బిల్వస్వర్గమని పిలుచు ఆ గుహలను గూర్చి 1844లో న్యూబోల్డు దొర వ్రాసెను. 1884లో భూగర్భశాస్త్రజ్ఞుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్టు తన కుమారునితోకూడ అచ్చట త్రవ్వకములు సాగించెను. మనవారు స్వర్గమన్నచోట ఒక గుహకు ఆ దొరలు ‘పర్గెటరీ’ యని, అనగా పాపక్షాళన లోకమని, పేరిడుట నాకు నవ్వు పుట్టించును. అచ్చట దొరకిన యెముకలను పరిశీలించిన రిచర్డ్ లిడెక్కరు 1886లో, ఒక ఖడ్గమృగమునకు కర్నూలు పేరనే శాస్త్రనామము పెట్టెను.

ఇన్ని యెముకలు గుహలోని కెట్లు చేరినవి? పేరులోనే దుమ్ములను మోయు దుమ్ములగొండి తన యాహారమును లోని కీడ్చుకొనిపోవును. ఏదుపంది తన పండ్ల నరగదీసికొనుటకై యెముకలను తెచ్చి కొరుకును. కావున గాటును చూచినంతనే మనుష్యుడు చెక్కిన పనిముట్టని మురియక, అది కత్తిగాటో పంటిగాటో నిర్ణయించుటయే ఈ యెముకల విద్యకు మొదటి మెట్టు. పంటి పింగాణిలోని కర్బనపు ఐసోటోపుల నిష్పత్తిని కొలిచినచో ఆ జంతువు గడ్డి మేసినదో చెట్ల యాకులు తిన్నదో తెలియును; మేత తెలిసినచో ఆనాటి నేల బయలో అడవియో బోధపడును.

ఆ గుహలలోనే మరల త్రవ్వి, 2014లో పరిశోధకులు ప్రకటించిన ఫలితము నన్ను విస్మితుని జేసినది. రెండులక్షల యేండ్ల పొరలలో గుర్తింపబడిన 21 క్షీరద జాతులలో, నేడు ఇథియోపియా కొండలలో మాత్రమే మిగిలిన గెలాడా కోతికి బంధువైన యొక్కటి తప్ప, తక్కిన 20 జాతులును ఉపఖండమున ఎచ్చటనో యొకచోట ఇంకను బ్రదికియున్నవి. సమీపమున జ్వాలాపురమునందు, 74,000 ఏండ్లనాడు సుమత్రాలోని తోబా అగ్నిపర్వతము చిమ్మిన బూడిద పొరలుగా నిలిచియున్నది. కరవులును వానలును ఎన్నియో మారినవి. ఇన్నిటికి నోర్చిన జాతులు ఇప్పుడు సన్నగిల్లుచుండగా నేరమును వాతావరణముపై మాత్రమే మోపుట నాకు న్యాయముగా దోపదు.

ఐనను అందరికిని ఆ యోర్పు దక్కలేదు. కావలికి ఉత్తరమున ప్రకాశము జిల్లాలో వడోదర విశ్వవిద్యాలయ పరిశోధకులు బయల్పరచిన నిప్పుకోడి గూటియందు సుమారు 3,500 గ్రుడ్డుపెంకు ముక్కలు లభించినవి. వాని వయస్సు దాదాపు 41,000 ఏండ్లు. నిప్పుకోడి మన దేశమునుండి సమూలముగా పోయినది. మన రైతులు దున్నుచుండగా అట్టి తెల్లని పెంకులు ఎన్నిమారులు నాగటికి తగిలినవో, కుండపెంకులనుకొని గట్టున ఎన్నిటిని విసరివైచిరో!