నల్లమలలో శ్రీశైలం కాలిబాట: పొడిగింపునకు ప్రకృతి, చట్టం విధించిన హద్దులు

శ్రీశైల మహాక్షేత్రానికి కాలినడకన వెళ్లే ఆచారం తెలుగునాట శతాబ్దాలుగా కొనసాగుతున్నది. మహాశివరాత్రి సమయంలో రాష్ట్రం నలుమూలల నుండి, ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుండి వేలాది భక్తులు నల్లమల అడవి గుండా నడిచి మల్లికార్జునుని దర్శించుకుంటారు. నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం వద్ద బయలుదేరే ఈ బాట నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరుతుంది.

ఉత్సవ దినాలలో మాత్రమే తెరచి ఉండే ఈ దారిని మరిన్ని రోజులు తెరవాలని, పాత మార్గాలతో కలిపి పొడవైన నడకదారిగా తీర్చిదిద్దాలని కోరేవారు ఉన్నారు. కోరిక సహజమైనదే. అయితే ఈ బాట పోయేది పులుల అభయారణ్యం నడిబొడ్డు నుండి. ఇక్కడ ఒక దారిని పొడిగించడమంటే ఏమిటి, అందుకు చట్టం ఏమి చెబుతున్నది, అడవి ఎంతవరకు భరించగలదు అన్న అంశాలను యాత్రికులు, ప్రకృతి ప్రేమికులు తెలుసుకోవడం అవసరం.

నాలుగు ద్వారాలు, అనేక దారులు

శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ప్రధాన ద్వారాలుగా ప్రసిద్ధి చెందాయి. ఘాట్ రోడ్డు లేని కాలంలో యాత్రికులు ఈ దిక్కుల నుండే అడవి దారులు పట్టి కొండకు చేరేవారు. శివరాత్రికి శ్రీశైలం తరలివచ్చే భక్త సమూహాలను పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే తన పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో వర్ణించాడు. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడు. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు నిర్మింపజేసింది.

ఈ చరిత్ర నుండి గ్రహించవలసిన విషయం ఒకటి కలదు. నల్లమలలో దారులకు కొరత ఎన్నడూ లేదు. పొడవైన నడకదారి కావాలంటే కొత్తగా అడవిని నరకవలసిన పనిలేదు. ఉన్న పాత దారులలో ఏది, ఎప్పుడు, ఎందరికి తెరవవచ్చునన్నదే అసలు ప్రశ్న.

పులుల అభయారణ్యంగా నల్లమల

కృష్ణా, పెన్నా నదుల నడుమ వ్యాపించిన నల్లమల కొండలు తూర్పు కనుమలలో భాగం. టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను, వెదురు వంటి ఆకురాల్చే జాతులు ఇక్కడ అధికం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. అప్పటి 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఇది చాలాకాలం దేశంలోనే అతిపెద్ద పులుల అభయారణ్యంగా పేరొందింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిదప కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. దాని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో కీలక ప్రాంతం సుమారు 2,595 చదరపు కిలోమీటర్లు కాగా, దాని చుట్టూ రక్షణ వలయంగా మరో 700 చదరపు కిలోమీటర్లు ఉన్నది.

మనుషులు నడిచే బాటను పులి తప్పించుకుని తిరుగుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. ముళ్లపొదలు, రాళ్లు లేని చదునైన దారినే పులి కూడా ఇష్టపడుతుంది. పులుల లెక్కింపు కోసం అటవీ సిబ్బంది కెమెరాలను కాలిబాటల పక్కన, అడవి రోడ్ల పక్కన అమర్చడానికి కారణం ఇదే. పగలు యాత్రికుడు నడిచిన దారిలోనే రాత్రి పులి నడుస్తుంది. అందువలన నడక పగటి వేళకు పరిమితమైతేనే ఇద్దరికీ క్షేమం. దోర్నాల - శ్రీశైలం ఘాట్ రోడ్డుపై రాత్రి వేళ వాహనాల రాకపోకలను నిషేధించడంలోని ఉద్దేశం కూడా ఇదే.

చట్టం ఏమి చెబుతున్నది

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అందరికీ స్వేచ్ఛా ప్రవేశం లేదు. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగులు, లోపల నివసించేందుకు అనుమతి పొందినవారు, అక్కడ స్థిరాస్తిపై హక్కు కలవారు, ప్రజా రహదారి మీదుగా సాగిపోయేవారు మొదలైన వారికే మినహాయింపు ఉన్నది. ఇతరులు అనుమతి పత్రం పొందాలి. అధ్యయనం, పరిశోధన, ఛాయాగ్రహణం, పర్యాటకం వంటి ప్రయోజనాలకు 28వ సెక్షన్ కింద అనుమతి ఇస్తారు. నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షన్, అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించడాన్ని 31వ సెక్షన్ నిషేధిస్తున్నాయి. వన్యప్రాణుల ఆవాసానికి నష్టం కలిగించే పనులపై 29వ సెక్షన్ కఠినమైన ఆంక్షలు విధించింది.

2006లో చేసిన సవరణతో పులుల అభయారణ్యాలలోని కీలక ప్రాంతానికి ప్రత్యేక రక్షణ లభించింది. 2012లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ జారీచేసిన మార్గదర్శకాలు కీలక ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకాన్ని అనుమతించరాదని పేర్కొన్నాయి. పుణ్యక్షేత్రాలకు వెళ్లేవారి తాత్కాలిక విడుదులు ఏడాదిలో నిర్ణీత దినాలకే పరిమితం కావాలని కూడా అవి నిర్దేశించాయి. ఈ దృష్ట్యా శివరాత్రికి, ఉగాదికి మాత్రమే బాట తెరవడం భక్తులపై విధించిన అడ్డంకి కాదు. నడక ఆచారానికి అభయారణ్యంలో లభించిన చోటు అది.

పొడిగింపు మూడు విధాలు

దారిని పొడిగించమని కోరినప్పుడు మూడు వేర్వేరు కోరికలు ఒకే మాటలో కలిసిపోతుంటాయి. దూరం పెంచడం, వెడల్పు పెంచడం, రోజులు పెంచడం. అడవికి ఈ మూడింటి వలన కలిగే నష్టం ఒకే విధంగా ఉండదు.

వీటిలో వెడల్పు పెంచడం అత్యంత హానికరం. మనిషి వెంట మనిషి నడిచే బాటపై చెట్ల కొమ్మలు కలిసే ఉంటాయి. దానిని వాహనం పట్టేంత దారిగా మార్చితే ఆ పందిరి తెగుతుంది. కలుపు మొక్కలు చొరబడతాయి. వర్షపు నీరు మట్టిని కోసుకుపోతుంది. వాహనంతోపాటు వేటగాడికీ, కలప దొంగకూ మార్గం సుగమమవుతుంది. అటవీ భూమిని ఇతర అవసరాలకు వాడుకోవాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అమెరికాలో 1964 నాటి వన్యప్రాంత చట్టం వర్తించే కొండలలో వందల కిలోమీటర్ల నడకదారులు ఉన్నాయి. అక్కడ దారికి అడ్డంగా చెట్టు పడితే సాధారణంగా యంత్రం వాడరు, చేతి రంపంతోనే కోసి తొలగిస్తారు. దారి పొడవైనదైనా అడవి అడవిగానే నిలవాలన్నది ఆ నియమంలోని ఆంతర్యం.

రోజులు పెంచడం పైకి నిరపాయకరంగా కనిపిస్తుంది. కానీ కొద్ది రోజుల సందడి తరువాత వన్యప్రాణులు తమ చోటికి తిరిగి వస్తాయి. ఏడాది పొడవునా అలికిడి ఉంటే ఆ నీటి చెలమలను, ఆ లోయలను అవి శాశ్వతంగా వదలిపోయే ప్రమాదమున్నది. తెలంగాణలోని సలేశ్వరం జాతర ఇందుకు చక్కని ఉదాహరణ. అమ్రాబాద్ అడవి లోతట్టున ఉన్న ఆ లోయలోకి చైత్ర పౌర్ణమి సందర్భంగా కొద్ది రోజులు మాత్రమే భక్తులను అనుమతిస్తారు.

ఇక మిగిలినది దూరం. బఫర్ ప్రాంతంలోని పాత దారులను, గ్రామాల మధ్య వాడుకలో ఉన్న బాటలను కలుపుతూ నడకను పొడిగించుకునే అవకాశం ఉన్నది. కీలక ప్రాంతాన్ని తాకకుండా, కొత్త బాట తీయకుండా సాగే పొడిగింపే అడవికి తక్కువ భారం. ఉమామహేశ్వరం దిక్కున పొడిగించాలంటే రెండు రాష్ట్రాల అటవీ శాఖల సమ్మతి కావాలి.

నీరు, నిప్పు

నల్లమలలో నడకదారి పొడవును నిర్ణయించేది నీరు. శివరాత్రి మాఘ మాసం చివర, ఉగాది చైత్రం తొలిరోజున వస్తాయి. వాగులు ఎండి, నీరు కొద్దిపాటి కొలనులలో, చెలమలలో మాత్రమే నిలిచే కాలమది. యాత్రికుడు దప్పిక తీర్చుకోవాలనుకునే చోటికే దుప్పి, కణితి, ఎలుగుబంటి కూడా రావాలి. వాటి వెనుక పులి వస్తుంది. నీటి చోట్ల మీద విడిది చేసే నడక ఎంత పెరిగితే జంతువులకు నీరు అంత దూరమవుతుంది. కావున బాట వెంట తాగునీటిని బయటి నుండి సమకూర్చగలిగినంత మేరకే నడకను అనుమతించడం శ్రేయస్కరం.

రెండవది నిప్పు. రాలిన ఆకులు, ఎండిన బోదగడ్డి పరుచుకున్న వేళ ఆర్పకుండా వదిలిన పొయ్యి, పారవేసిన బీడీ ముక్క ఒక్కటి చాలు, కొండ వాలు మొత్తం దగ్ధం కావడానికి.

చెంచులే తొలి మార్గదర్శకులు

ఈ అడవి చెంచులకు పుట్టినిల్లు. మల్లికార్జునుని చెంచు మల్లన్నగా, తమ అల్లునిగా వారు కొలుస్తారు. ప్రత్యేకించి బలహీనమైన గిరిజన సమూహంగా గుర్తింపు పొందిన చెంచులలో పలువురు నేడు అటవీ రక్షణ శిబిరాలలో కాపలాదారులుగా పనిచేస్తున్నారు. పులి అడుగును చూసి అది ఎటు వెళ్లినదో చెప్పగల నేర్పు వారిది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇటువంటి సమూహాల ఆవాస హక్కులను గుర్తించింది. కావున దారి విషయంలో ఏ మార్పు తలపెట్టినా వారి గ్రామసభల మాట వినడం ధర్మం. దారి చూపే పని, దాని ద్వారా వచ్చే జీవనోపాధి ముందుగా వారికే దక్కాలి.

యాత్రికుల బాధ్యత

2023 ఆగస్టులో తిరుమల అలిపిరి కాలిబాటపై చిరుత దాడిలో ఆరేళ్ల బాలిక మరణించింది. మెట్లు, దీపాలు, నిత్యం జనసంచారం ఉన్న బాటపైనే ఇటువంటి విషాదం జరిగింది. ఆ తరువాత పిల్లలతో నడిచేవారికి వేళలు నిర్ణయించి, భక్తులను గుంపులుగా పంపడం జరిగింది. నల్లమల బాటపై ఈ జాగ్రత్తలు మరింత అవసరం.

యాత్రికులు అనుమతించిన రోజులలో, అనుమతించిన దారినే నడవాలి. పిల్లలను ముందుకు గాని, వెనుకకు గాని విడువరాదు. సూర్యాస్తమయానికి ముందే నిర్ణీత విడిదికి చేరుకోవాలి. ప్లాస్టిక్ సీసాలు, సంచులు అడవిలో పారవేయక తిరిగి తీసుకురావాలి. విడిది వద్ద తప్ప నిప్పు రాజేయరాదు. మైకులు, బాణసంచా వాడరాదు.

పూర్వులు నడిచిన బాట నేటికీ మిగిలి ఉన్నదంటే అందుకు కారణం దాని చుట్టూ అడవి మిగిలి ఉండడమే. దారి ఎంత దూరం సాగాలన్న నిర్ణయంలో మొదట చూడవలసినది ఆ అడవి క్షేమాన్ని. భక్తులు ఈ విషయాన్ని గుర్తెరిగి అటవీ సిబ్బందికి, చెంచు సోదరులకు సహకరించినప్పుడే శ్రీశైలం కాలిబాట రాబోయే తరాలకు కూడా తెరచి ఉంటుంది.