ఇంట్లో ఎన్ని తెలుపులు?

ఖరగ్‌పూర్‌లో ఓ పాత రైల్వే క్వార్టర్‌ను ఊహించుకోండి. ముందు వరండా, తర్వాత రెండు గదులు, ఆ వెనక వంటిల్లు, పెరడు. సున్నం వేసిన గోడలు, ఎత్తయిన పైకప్పు. సాయంత్రం ఆరున్నరకు దీపాలు వెలిగాయి. వరండాలో ఎప్పటిదో పసుపు బల్బు. ముందు గదిలో పాత ట్యూబ్‌లైట్ స్థానంలో బిగించిన ఎల్‌ఈడీ బ్యాటెన్, నీలం కలిసిన తెలుపు. దాని ఎదుటి గోడకు నిరుడు కొన్న బల్బు, కాస్త వెన్నలాంటి తెలుపు. వంటింట్లో ఇంకో కంపెనీది, ఇంకో రకం తెలుపు. వేటికవి బాగానే వెలుగుతున్నాయి. కానీ గుమ్మంలో నిలబడి చూస్తే ఇల్లంతా అతుకుల బొంతలా కనిపిస్తోంది. గది మధ్యలో కూర్చుంటే కళ్లకు ఏదో తెలియని చికాకు.

చాలామంది దీన్ని బల్బుల డిజైన్ సమస్య అనుకుంటారు. ఒకే రకం షేడ్లు, ఒకే రకం హోల్డర్లు కొంటే సరిపోతుందనుకుంటారు. నిజానికి కలవాల్సింది దీపాల ఆకారం కాదు, వాటి తెలుపు.

రంగును తప్పుగా చూడటానికి వీల్లేని ఊళ్లలో ఖరగ్‌పూర్ ఒకటి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో పుట్టిన ఈ రైల్వే పట్టణానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం తరలివచ్చాయి. తరాలు గడిచినా ఇక్కడి వీధుల్లో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఇంజన్ నడిపేవారు సిగ్నల్‌లో ఎరుపును ఎరుపుగా, ఆకుపచ్చను ఆకుపచ్చగా చూడాలి. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాక, వర్ణాంధత్వం కూడా కారణమై ఉండొచ్చని హోల్మ్‌గ్రెన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త అనుమానించారు. రంగురంగుల ఉన్ని పోగులను వేరు చేయించే పరీక్షను ఆయన రైల్వే ఉద్యోగులకు పెట్టించారు. నేటికీ లోకో పైలట్ల వైద్య పరీక్షలో రంగుల చూపు పరీక్ష తప్పనిసరి. అంత పట్టింపుతో డ్యూటీ చేసి ఇంటికొచ్చే మనిషి, ఇంటికి బల్బు కొనేటప్పుడు మాత్రం ‘తొమ్మిది వాట్లది ఒకటివ్వండి’ అంటాడు. అది ఎంత కరెంటు తాగుతుందో చెప్పే అంకె. ఎలాంటి వెలుగునిస్తుందో చెప్పే అంకెలు వేరే ఉన్నాయి.

కొలిమిలో పుట్టిన కొలత

మొదటిది కెల్విన్లలో రాసే ‘వర్ణ ఉష్ణోగ్రత’. పేరు కష్టంగా ఉన్నా, కమ్మరి కొలిమి చూసినవారికి సంగతి తెలిసిందే. ఇనుము వేడెక్కుతుంటే మొదట మసక ఎరుపు, తర్వాత నారింజ, ఆపై పసుపు, ఇంకా వేడెక్కితే తెలుపు. వస్తువు ఎంత వేడెక్కితే దాని కాంతి అంతగా నీలం వైపు జరుగుతుంది. దీనికి సరైన లెక్క 1900లో మాక్స్ ప్లాంక్ ఇచ్చారు. కొవ్వొత్తి వెలుగు దాదాపు 1900 కెల్విన్లు, పాత ఫిలమెంట్ బల్బు 2700, మబ్బు పట్టిన పగటి వెలుగు సుమారు 6500. ఇక్కడో తిరకాసు ఉంది. భౌతికశాస్త్రం ప్రకారం ఎక్కువ వేడి ఉన్న 6500ను దుకాణంలో ‘కూల్’ అంటారు, తక్కువ వేడి ఉన్న 2700ను ‘వార్మ్’ అంటారు. నిప్పు ఎర్రన, నీళ్లు నీలం అనే మన మనసులోని లెక్క అది. తెలుగువాడు ‘పచ్చ లైటు’ అడిగితే ఇంకో చిక్కు: పసుపు కొమ్మూ పచ్చే, గార్డు ఊపే జెండా కూడా పచ్చే. పెట్టె మీది అంకె చూపించి అడగటం మేలు.

ఎల్‌ఈడీ బల్బులో ఏదీ అంతగా వేడెక్కదు. లోపలి చిప్ నిజానికి నీలం కాంతినే ఇస్తుంది. దాని మీది పసుపు ఫాస్ఫర్ పూత ఆ నీలంలో కొంత భాగాన్ని మింగి పసుపుగా మార్చి వదులుతుంది. మిగిలిన నీలం, పుట్టిన పసుపు కలిస్తే కంటికి తెలుపు. ఆ నీలం చిప్‌ను సాధ్యం చేసినందుకే అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. పూత పలుచనైతే చల్లని తెలుపు వస్తుంది. పూత మందమై, ఎరుపునిచ్చే ఫాస్ఫర్ కూడా తోడైతే వెచ్చని తెలుపు. అంటే తెలుపు అనేది ఒక వంటకం. పాళ్లు కాస్త మారితే రుచి మారుతుంది. ఒకే అంకె రాసిన రెండు కంపెనీల బల్బులు పక్కపక్కన పెడితే ఒకటి గులాబీ వైపు, ఇంకొకటి ఆకుపచ్చ వైపు మొగ్గినట్టు కనిపించడానికి కారణం ఇదే. ఏళ్ల తరబడి వెలిగిన బల్బులో పూత వయసు కూడా ఇందులో కలుస్తుంది.

కన్ను ఒక తెలుపుకే సర్దుకుంటుంది

మరి ఫిలమెంట్ బల్బు కింద తాతలు చదివిన పుస్తకం కాగితం పసుపుగా ఎందుకు కనిపించలేదు? కన్ను సర్దుకుంటుంది కాబట్టి. రెటీనాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైపు స్పందించే మూడు రకాల శంకు కణాలున్నాయి. పసుపు వెలుగులో ఎరుపు వైపు కణాలు తమ స్పందనను తగ్గించుకుంటాయి, నీలం కణాలు పెంచుకుంటాయి. మెదడు కూడా తన వంతు సవరణ చేస్తుంది. ఒక నిమిషం లోపే చాలా మటుకు ఆ వెలుగే ‘తెలుపు’ అయి కూర్చుంటుంది. 2700 అయినా 6500 అయినా, అదొక్కటే ఉన్నంతవరకు పేచీ లేదు.

పేచీ రెండు తెలుపులు ఒకేసారి కళ్ల ముందు పడ్డప్పుడు వస్తుంది. సర్దుబాటు ఒకదానికే పూర్తిగా కుదురుతుంది. వెచ్చని ముందు గదిలో కూర్చున్నవారికి వంటింటి గుమ్మం నీలంగా కనిపిస్తుంది. వంటింట్లో ఉన్నవారికి అదే ముందు గది నారింజగా కనిపిస్తుంది. ఒకే గదిలో ఎదురెదురు గోడలకు రెండూ ఉంటే చూపు ఎటు తిప్పితే అటు సర్దుకోవాలి.

దీన్ని కళ్లతో చూడటం సులువు. చల్లని ట్యూబ్‌లైట్, వెచ్చని బల్బు రెండూ వేసి, మధ్యలో తెల్ల కాగితం మీద పెన్సిల్ నిలబెట్టండి. రెండు నీడలు పడతాయి. ఒకటి నీలిరంగు, ఒకటి నారింజ. బల్బు వెలుగును పెన్సిల్ అడ్డుకున్న చోట ట్యూబ్‌లైట్ వెలుగు మాత్రమే పడుతుంది, అందుకే ఆ నీడ నీలం. రెండో నీడ సంగతి దానికి తలకిందులు. ఇంట్లో ప్రతి వస్తువు చుట్టూ, ప్రతి ముఖం మీదా ఇలాంటి రంగు నీడలే పడుతున్నాయన్నమాట.

కాబట్టి ఇంట్లో దీపాలను గదుల వారీగా కాక, చూపుల వారీగా విడదీయాలి. ఒక చోట కూర్చుంటే ఏ దీపాలన్నీ కంటికి ఆనతాయో అవన్నీ ఒకే జట్టు. ముందు గది, దాని నుంచి కనిపించే వరండా, వంటింటి గుమ్మం ఒక జట్టు అయితే, తలుపు మూసుకునే వెనక గది వేరే జట్టు కావచ్చు. పెరట్లో దీపం ఏ రంగుదైనా నష్టం లేదు.

ఒకే జట్టులో తేడా ఎంతవరకు పరవాలేదు? ఇక్కడ కెల్విన్లు మోసం చేస్తాయి. 2700కీ 3000కీ తేడా 300, 6000కీ 6500కీ తేడా 500. రెండోదే పెద్ద తేడా అనిపిస్తుంది, కంటికి మాత్రం మొదటిదే ఎక్కువ. పది లక్షలను కెల్విన్లతో భాగిస్తే వచ్చే ‘మైరెడ్’ అనే కొలత కంటికి దగ్గరగా ఉంటుంది. 2700 అంటే 370 మైరెడ్లు, 3000 అంటే 333. తేడా 37. అదే 6000 అంటే 167, 6500 అంటే 154. తేడా 13 మాత్రమే. వెచ్చని దీపాలతో జట్టు కట్టేవారు అంకె విషయంలో మరింత పట్టుదలగా ఉండాలన్నమాట. ఆచరణలో సులువైన దారి ఒకటే: ఒక జట్టుకు కావాల్సినవన్నీ ఒకే కంపెనీవి, ఒకే రోజు, ఒకటి రెండు అదనంగా కొని పక్కన పెట్టుకోవడం.

ఎత్తయిన పైకప్పు, ఎండుమిర్చి ఎరుపు

రెండో అంకె ల్యూమెన్లు, అంటే బల్బు మొత్తంగా ఇచ్చే వెలుగు. సాధారణ 9 వాట్ల ఎల్‌ఈడీ దాదాపు 900 ల్యూమెన్లు ఇస్తుంది. అయితే పుస్తకం మీద పడేది ఎంత అన్నది దూరాన్ని బట్టి మారుతుంది. లెక్క సులువు కోసం ఆ వెలుగంతా కిందివైపు అర్ధగోళంలోకి సమానంగా పడుతుందనుకుందాం. మూడు మీటర్ల దూరంలోని బల్ల మీద అది నేరుగా ఇచ్చేది 16 లక్స్. అదే బల్బును బల్లకు 60 సెంటీమీటర్ల ఎత్తుకు దించితే దాదాపు 400 లక్స్. చదువుకు సుమారు 300 లక్స్ కావాలంటారు. గోడల మీద పడి తిరిగొచ్చే వెలుగు కొంత కలుస్తుంది, నిజమే. కానీ పాత క్వార్టర్ల ఎత్తయిన గదుల్లో పిల్లల చదువుకు ఇంకో పెద్ద బల్బు బిగించడం కన్నా ఒక టేబుల్ లాంప్ కొనడమే తెలివైన పని. తిరిగొచ్చే వెలుగు గోడ రంగును కూడా మోసుకొస్తుంది. నీలం వేసిన గదిలో, లేత గులాబీ వేసిన గదిలో ఒకే బల్బు రెండు రకాల తెలుపునిస్తుంది.

మూడోది సీఆర్‌ఐ. వస్తువుల అసలు రంగును వెలుగు ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే, గరిష్ఠంగా 100 ఉండే సూచిక. ఫిలమెంట్ బల్బుకు ఇది దాదాపు నూరు, మామూలు ఎల్‌ఈడీలకు 80 చుట్టుపక్కల. ఈ సూచిక ఎనిమిది లేత రంగుల సగటు. చిక్కటి ఎరుపు అందులో లేదు. దాన్ని ‘ఆర్9’ అని విడిగా కొలుస్తారు. అందుకే 80 ఉన్న బల్బు కింద కూడా ఎండుమిర్చి, మాంసం, పట్టుచీర ఎరుపు వెలవెలబోయి కనిపించవచ్చు. వంటింటికి, అద్దం దగ్గరకు 90 దాటినది వెతికి కొనడం దండగ కాదు. వరండాకు అక్కర్లేదు.

పెట్టె మీద సాధారణంగా కనిపించనిది ఒకటి ఉంది: మినుకు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు ఆరిపోయినంత పని చేస్తుంది. కన్ను పట్టుకోలేకపోయినా కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది. వర్క్‌షాపుల్లో ఇది ఇంకా ప్రమాదం. తిరుగుతున్న లేత్ యంత్రం ఆ మినుకుకు తాళం కలిస్తే ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. పాత ట్యూబ్‌లైట్ల రోజుల్లో పక్కపక్క దీపాలను వేర్వేరు ఫేజులకు కలపడం ఇందుకే. ఇంట్లో పరీక్షించాలంటే ఫోన్ కెమెరాను బల్బుకు దగ్గరగా పెట్టండి. తెర మీద దట్టమైన నల్ల చారలు పాకితే ఆ బల్బు చదువు బల్లకు పనికిరాదు.

రాత్రి డ్యూటీ ఇల్లు

రైల్వే ఊళ్లో దీపాల పొందిక అందం దగ్గరే ఆగదు. డ్రైవర్లు, గార్డులు, స్టేషన్ మాస్టర్లు, ట్రాక్ సిబ్బంది ఇళ్లలో ఒకరు నిద్రపోయే వేళ ఇంకొకరికి తెల్లవారుతుంది. 2002 ప్రాంతంలో రెటీనాలో మరో రకం కాంతి గ్రాహక కణాలు బయటపడ్డాయి. మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న ఈ కణాల ప్రధాన పని బొమ్మ చూపించడం కాదు. ఇప్పుడు పగలా రాత్రా అని మెదడులోని గడియారానికి చెప్పడం. సుమారు 480 నానోమీటర్ల నీలి కాంతికి ఇవి బాగా స్పందిస్తాయి. అది అందితే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ తగ్గుతుంది. లోపలి గడియారాన్ని పదేపదే తారుమారు చేసే రాత్రి పనిని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2007లో ‘బహుశా కేన్సర్ కారకం’ వర్గంలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది.

2022లో నిపుణుల బృందం ఒకటి సాధారణంగా పగలు పనిచేసి రాత్రి నిద్రపోయే వయోజనులకు హద్దులు సూచించింది. ఈ కణాలను పగటి వెలుగు ఎంత తడుతుందో దానితో పోల్చి కొలిచే లక్స్‌లో, కంటి దగ్గర పగలు కనీసం 250, పడుకునే ముందు మూడు గంటలు 10కి మించకూడదు, నిద్రలో 1కి మించకూడదు. ఇప్పుడు మన ఇంటికి అన్వయిద్దాం. ముందు గదిలో కంటి దగ్గర మామూలు లెక్కలో 50 లక్స్ ఉంటే, 6500 కెల్విన్ల దీపంతో ఈ కొలత 45 చుట్టూ తేలుతుంది. 2700కి మార్చితే దాదాపు సగం. అయినా పదికి రెట్టింపే. ‘వెచ్చని బల్బు కొంటే నిద్ర పడుతుంది’ అనే ప్రకటనలు చెప్పకుండా వదిలేసే సగం ఇదే. రంగు మార్చడంతో పాటు వెలుగు తగ్గించాలి, అంటే సాయంత్రం పెద్ద దీపం ఆర్పి చిన్నది వేసుకోవాలి. ఒకే స్విచ్‌కు నాలుగు దీపాలు కలిపిన ఇంట్లో ఇది కుదరదు. కాబట్టి వైరింగ్ చేయించేటప్పుడే విడివిడి స్విచ్‌లు అడగాలి.

రాత్రంతా డ్యూటీ చేసి ఉదయం ఏడింటికి ఇల్లు చేరిన మనిషికి ఈ పట్టికంతా తలకిందులు. దారిలోని ఎండే గడియారానికి ‘తెల్లారింది’ అని చెప్పేసి ఉంటుంది. ఆయన పడుకునే వెనక గదికి దళసరి పరదాలు కావాలి. తలుపు కింది సందు నుంచి ముందు గది వెలుగు రాకుండా ఓ గోనె మడత పెట్టినా చాలు. పరీక్షలకు చదివే పిల్లలకు మాత్రం ఎక్కువ వెలుగు అవసరం. కాబట్టి వారికి షేడ్ ఉన్న టేబుల్ లాంప్ ఇచ్చి ముందు గదిలో గోడవైపు కూర్చోబెట్టాలి. మధ్యాహ్నం లేచి బాత్‌రూమ్‌కు వెళ్లి మళ్లీ పడుకోవాల్సిన దారిలో నడుముకన్నా కింద ఓ మసక నారింజ దీపం ఉంటే మంచిది. కంటికి నేరుగా తగలదు, కాలు తడబడదు. పాత రోజుల్లో ఆ పని జీరో బల్బు చేసేది. పేరుకే అది జీరో, తాగేది మాత్రం 12 నుంచి 15 వాట్లు. ఇప్పుడు అర వాటు ఎల్‌ఈడీ చాలు. కొనేటప్పుడు నీలం రంగుది మాత్రం తీసుకోకండి.