కేసు ఒకటే, నెంబర్లు అనేకం: వేంపల్లె ఠాణా నుంచి హైకోర్టు వరకు క్రిమినల్ కోర్టు రికార్డుల అన్వేషణ

వేంపల్లె: పోలీస్ స్టేషనులో కేసు నమోదైన మరునాడే నిందితుని పేరు పత్రికలో వస్తుంది. ఏళ్ల తరబడి విచారణ జరిగి అతను నిర్దోషి అని న్యాయస్థానం ప్రకటించిన నాడు ఆ సంగతి రాసేవారు అరుదు. ఉద్యోగ నియామకానికి, పాస్‌పోర్టుకు, ఆయుధ లైసెన్సుకు పూర్వచరిత్ర విచారించే కార్యాలయాల్లో సైతం పరిశీలన ప్రథమ సమాచార నివేదిక దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒక కేసును తొలి కాగితం నుంచి చివరి ఉత్తర్వు వరకు వెతకడం తెలిసినప్పుడు ఈ అన్యాయాన్ని నివారించవచ్చు. వైఎస్సార్ కడప జిల్లా వేంపల్లె వంటి మండల కేంద్రం నుంచి ఆ అన్వేషణ ఎలా సాగించాలో పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం వివరించడమైనది.

తొలి కాగితం ఠాణాలో

ప్రతి కేసుకు మూలం ఎఫ్.ఐ.ఆర్. అని వ్యవహరించే ప్రథమ సమాచార నివేదిక. దానిపై స్టేషను పేరు, క్రైం నెంబరు, సంవత్సరం ఉంటాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఫిర్యాదుదారునికి లేదా బాధితునికి దీని ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. అంతకుముందు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షను ఫిర్యాదుదారునికి ఈ హక్కును కల్పించింది.

యూత్ బార్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన పిటిషనుపై సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న తీర్పునిస్తూ, ఎఫ్.ఐ.ఆర్.లను నమోదైన 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో ఉంచాలని ఆదేశించింది. మారుమూల ప్రాంతాల్లో ఇబ్బందులుంటే ఈ గడువును గరిష్ఠంగా 72 గంటల వరకు పొడిగించవచ్చు. లైంగిక నేరాలు, బాలలపై నేరాలు, ఉగ్రవాద సంబంధ కేసులు తదితర సున్నితమైన వాటికి మినహాయింపు ఉంది. ఆ నిర్ణయం తీసుకునే అధికారి డి.ఎస్.పి. హోదాకు తగ్గరాదని కూడా కోర్టు నిర్దేశించింది. కనుక ఎఫ్.ఐ.ఆర్. వెబ్‌సైటులో కానరాకపోయినంత మాత్రాన కేసు లేదని భావించరాదు.

ఎఫ్.ఐ.ఆర్.ను ఏ మేజిస్ట్రేటు కోర్టుకు పంపుతున్నదీ ఆ పత్రంలోనే రాసి ఉంటుంది. అన్వేషణలో తదుపరి మెట్టు ఆ కోర్టే. కోర్టుల పరిధులు కాలానుగుణంగా మారుతుంటాయి కాబట్టి, ఊరు దగ్గరనే ఊహతో కోర్టును నిర్ణయించుకోవడం కంటే ఎఫ్.ఐ.ఆర్.ను చూడటం ఉత్తమం.

నెంబరు మారే తీరు

క్రైం నెంబరు ఠాణాకు చెందినది. అభియోగపత్రం దాఖలై మేజిస్ట్రేటు దానిని ఫైలుపైకి తీసుకున్న తర్వాత కేసుకు కొత్త నెంబరు వస్తుంది. మేజిస్ట్రేటు స్వయంగా విచారించే కేసు సి.సి. నెంబరుతో, చిన్న నేరాల సంక్షిప్త విచారణ ఎస్.టి.సి. నెంబరుతో నమోదవుతాయి. హత్య వంటి, సెషన్స్ కోర్టు మాత్రమే విచారించదగిన నేరమైతే మొదట పి.ఆర్.సి. నెంబరు ఇస్తారు. కేసును సెషన్స్‌కు కమిట్ చేసిన తర్వాత అది ఎస్.సి. నెంబరుగా మారుతుంది. ఈ జిల్లా సెషన్స్ కోర్టుకు ప్రధాన కేంద్రం కడప. శిక్షపై అప్పీలు చేసుకుంటే క్రిమినల్ అప్పీలు నెంబరు వస్తుంది. మేజిస్ట్రేటు తీర్పుపై అప్పీలు సెషన్స్ కోర్టులోను, సెషన్స్ తీర్పుపై అప్పీలు హైకోర్టులోను దాఖలవుతాయి.

ఆ విధంగా ఒక హత్య కేసు క్రైం నెంబరు, పి.ఆర్.సి., ఎస్.సి., క్రిమినల్ అప్పీలు అనే నాలుగు నెంబర్లతో నాలుగు చోట్ల నమోదై ఉంటుంది. నిందితులలో ఒకరు పరారీలో ఉంటే అతని వరకు కేసును విడదీసి వేరే నెంబరు ఇవ్వడం కూడా పరిపాటి. మిగిలినవారిపై వచ్చిన తీర్పును చూసి అతని విషయంలో నిర్ధారణకు రావడం సరికాదు.

పోలీసులు దర్యాప్తు చేసి, నేరం జరగలేదనో, ఆధారాలు దొరకలేదనో తుది నివేదిక పంపే సందర్భాలూ ఉన్నాయి. వీటిని స్టేషన్లలో రెఫర్ చేసిన కేసులంటారు. వాటికి సి.సి. నెంబరు ఉండదు. మేజిస్ట్రేటు ఆ నివేదికపై ఇచ్చిన ఉత్తర్వే వాటికి ముగింపు.

కేసు జిల్లా దాటి వెళ్లడం కూడా జరుగుతుంది. 2019 మార్చి 15న పులివెందులలో జరిగిన మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసు దర్యాప్తును 2020 మార్చిలో హైకోర్టు సి.బి.ఐ.కి అప్పగించింది. 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు ఆ కేసు విచారణను హైదరాబాదులోని సి.బి.ఐ. ప్రత్యేక కోర్టుకు బదిలీ చేసింది. ఆ కేసు రికార్డు కోసం కడప జిల్లా కోర్టుల్లో మాత్రమే వెతికేవారికి తొలి భాగమే లభిస్తుంది.

ఇంటర్నెట్టులో వెతికే పద్ధతి

దేశవ్యాప్తంగా 2007లో ప్రారంభమైన ఈ-కోర్టుల పథకం వల్ల జిల్లా, తాలూకా స్థాయి కోర్టుల కేసుల వివరాలు ఇంటి వద్దనుంచే చూసే వీలు కలిగింది. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకొని కేసు నెంబరుతోను, కక్షిదారు పేరుతోను, న్యాయవాది పేరుతోను వెతకవచ్చు. పోలీస్ స్టేషను, ఎఫ్.ఐ.ఆర్. నెంబరు, సంవత్సరం ఇచ్చి వెతికే సదుపాయం పాత్రికేయులకు ఎక్కువగా ఉపకరిస్తుంది. ఠాణా నెంబరుకు, కోర్టు నెంబరుకు వారధి అదే.

ప్రతి కేసుకు 16 అక్షరాలు, అంకెలతో కూడిన సి.ఎన్.ఆర్. అనే విశిష్ట సంఖ్య ఉంటుంది. అందులో మొదటి రెండు అక్షరాలు రాష్ట్రాన్ని, తర్వాతి రెండు జిల్లాను, చివరి నాలుగు అంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి. ఈ సంఖ్యను రాసి ఉంచుకుంటే అదే కోర్టులో వాయిదాలు, ఉత్తర్వులు తిరిగి చూడటం సులభం.

పేరుతో వెతికేటప్పుడు అధిక జాగ్రత్త అవసరం. ఒకే గ్రామంలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు పలువురుండటం రాయలసీమలో సాధారణం. వెబ్‌సైటులో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కనుక ఒకే తెలుగు పేరు రెండు మూడు విధాలుగా కనిపించవచ్చు. వేంపల్లె పేరునే చివర ‘లె’గాను, ‘లి’గాను రెండు రకాలుగా రాస్తున్నారు. జిల్లా పేరు కూడా 2005లో ఇంగ్లీషు స్పెల్లింగు మార్పుతో కడపగాను, 2010లో వైఎస్సార్ జిల్లాగాను, 2025లో వైఎస్సార్ కడప జిల్లాగాను మారింది. తండ్రి పేరు, వయస్సు, గ్రామం మూడూ సరిపోలిన తర్వాతే ఆ రికార్డు ఫలానా వ్యక్తిదని నిర్ణయించాలి.

సర్టిఫైడ్ నకలు పొందే విధానం

వెబ్‌సైటులోని సమాచారం తెలుసుకోవడానికి పనికివస్తుంది గాని, సాక్ష్యంగా దాఖలు చేయడానికి, కార్యాలయ ఫైలులో ఆధారంగా చేర్చడానికి కోర్టు ధ్రువీకరించిన నకలు అవసరం. నిర్ణీత రుసుముతో సంబంధిత కోర్టు నకళ్ల విభాగంలో దరఖాస్తు చేయాలి. ఖర్చులకు కావలసిన స్టాంపుల వివరాలను కోర్టు నోటీసు బోర్డుపై ప్రకటిస్తారు. సకాలంలో అవి దాఖలు చేయకపోతే దరఖాస్తు కొట్టివేతకు గురవుతుంది.

నకలుపై దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులు కోరిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ ముద్రించి ఉంటాయి. మేజిస్ట్రేటు విధించిన శిక్షపై సెషన్స్ కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు. నకలు పొందటానికి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షను కింద ఈ గడువు నుంచి మినహాయిస్తారు. ఆ లెక్కకు ఈ తేదీలే ఆధారం.

జైలుశిక్ష పడిన నిందితునికి తీర్పు ప్రతిని వెంటనే ఉచితంగా ఇవ్వాలని సంహిత 404వ సెక్షను నిర్దేశిస్తున్నది. తీర్పు వల్ల ప్రభావితమైనవారు రుసుము చెల్లించి నకలు పొందవచ్చు. కేసుతో సంబంధం లేని పాత్రికేయుడు వంటి ఇతరులు హైకోర్టు నియమాలకు లోబడి, కారణం తెలియజేస్తూ దరఖాస్తు చేయవలసి ఉంటుంది. కారణాన్ని స్పష్టంగా, కేసు నెంబరుతో సహా రాయడం మేలు.

ఇందుకు సమాచార హక్కు చట్టాన్ని ఆశ్రయించవచ్చా అనే ప్రశ్నకు సుప్రీంకోర్టు 2020 మార్చి 4న, గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సమాధానమిచ్చింది. కోర్టు నియమాల కింద నకలు పొందే మార్గం ఉన్నప్పుడు ఆ మార్గాన్నే అనుసరించాలని స్పష్టం చేసింది. పోలీసు శాఖ వద్ద ఉన్న సమాచారానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. అయితే దర్యాప్తుకు, నేరస్థుల ప్రాసిక్యూషనుకు ఆటంకం కలిగించే సమాచారాన్ని 8వ సెక్షను కింద నిరాకరించవచ్చు.

అభియోగపత్రాల విషయంలో వేరొక నిబంధన ఉంది. ఎఫ్.ఐ.ఆర్.ల మాదిరిగా వీటిని కూడా వెబ్‌సైటులో ఉంచాలన్న అభ్యర్థనను సుప్రీంకోర్టు 2023 జనవరి 20న సౌరవ్ దాస్ కేసులో తోసిపుచ్చింది. నిందితునికి మాత్రం అభియోగపత్రం, దానితో పాటు దాఖలైన పత్రాల ప్రతులు ఉచితంగా పొందే హక్కు ఉంది.

ప్రచురించరాని వివరాలు

బహిరంగ న్యాయస్థానంలో విచారణ జరగడం సాధారణ సూత్రం. కోర్టు రికార్డులతో సహా ప్రజా రికార్డుల ఆధారంగా చేసే ప్రచురణకు అభ్యంతరం ఉండదని సుప్రీంకోర్టు 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో పేర్కొన్నది. లైంగిక దాడి బాధితుల విషయంలో ఈ సూత్రం వర్తించదని అదే తీర్పు తెలిపింది. బాధితురాలి గుర్తింపును వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారం 2 సంవత్సరాల వరకు శిక్షకు అర్హమైన నేరం. చట్టంతో వివాదంలో ఉన్న బాలల, బాధిత బాలల పేర్లు, పాఠశాల, చిరునామా, ఫొటోలు ప్రచురించడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను నిషేధిస్తున్నది. పేరు దాచి గ్రామం, తల్లిదండ్రుల వివరాలు ఇవ్వడం వల్ల కూడా గుర్తింపు బయటపడుతుందని గమనించాలి.

పాత రికార్డుల ఉనికి

కింది కోర్టులలో ముగిసిన కేసుల పత్రాలను నియమిత కాలం వరకు రికార్డు రూములో భద్రపరచి, తర్వాత నియమానుసారం ధ్వంసం చేస్తారు. 1917 నాటి రికార్డుల ధ్వంస చట్టం ఇందుకు సంబంధించిన నియమాలు చేసే అధికారాన్ని హైకోర్టులకు ఇచ్చింది. కనుక పాత కేసు నకలు కోరేవారు జాప్యం చేయరాదు. ఇక హైకోర్టు స్థాయి తీర్పులకు సంబంధించి, కడప జిల్లా 1954 జూలై వరకు మద్రాసు హైకోర్టు పరిధిలోను, తర్వాత గుంటూరులోని ఆంధ్ర హైకోర్టు పరిధిలోను, 1956 నవంబరు నుంచి హైదరాబాదులోని హైకోర్టు పరిధిలోను ఉండేది. 2019 జనవరి 1 నుంచి అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పరిధిలో ఉన్నది. తీర్పు సంవత్సరం తెలిస్తే ఏ హైకోర్టు తీర్పుల సంపుటాలు చూడాలో తేలిపోతుంది.

పాత కేసులలో సెక్షన్లు కూడా వేరుగా ఉంటాయి. 2024 జూలై 1కి ముందు జరిగిన హత్యకు ఐ.పి.సి. 302వ సెక్షను, ఆ తర్వాత జరిగిన దానికి న్యాయ సంహిత 103వ సెక్షను వర్తిస్తాయి.

చివరి ఉత్తర్వును చదవడం

‘డిస్పోజ్డ్’ అన్న ఒక్క మాటతో కేసు ఫలితం తెలియదు. శిక్ష పడిందా, నిర్దోషిగా విడుదలయ్యారా, విచారణకు ముందే డిశ్చార్జి అయ్యారా అన్నది ఉత్తర్వులోనే చూడాలి. రాజీకి వీలున్న నేరాలలో లోక్ అదాలత్‌లో గాని, కోర్టులో గాని రాజీ కుదిరితే, చట్టరీత్యా దాని ఫలితం నిర్దోషిగా విడుదల కావడమే. దానిని నేరం అంగీకరించినట్లుగా నమోదు చేయడం తప్పు. శిక్ష పడిన కేసులోనూ అప్పీలు దాఖలైందా, శిక్ష నిలుపుదలైందా అని పై కోర్టులో చూడనిదే అన్వేషణ పూర్తి కాదు.

నకలు పొందటానికి, అప్పీలు చేసుకోవటానికి స్తోమత లేని మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నెంబరును గాని సంప్రదించవచ్చు.

కేసు నమోదు వార్తను ప్రచురించిన పాత్రికేయులు క్రైం నెంబరును దాచి ఉంచుకొని, తీర్పు వెలువడిన నాడు దానికి కూడా చోటు కల్పించడం సముచితం. పూర్వచరిత్ర నివేదిక పంపే అధికారులు క్రైం నెంబరుతో పాటు కోర్టు నెంబరు, చివరి ఉత్తర్వు తేదీ, అప్పీలు స్థితి నాలుగింటినీ నివేదికలో పొందుపరచినట్లయితే, న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టిన వ్యక్తి కార్యాలయ ఫైలులో నిందితునిగా మిగిలిపోయే పరిస్థితి తలెత్తదు.