మీకు తెలుసా? అమెరికా చరిత్ర పరీక్షకు తెలుగులోనూ జవాబు చెప్పవచ్చు

విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవారు అక్కడి పౌరసత్వం కోరినప్పుడు, ఆ దేశ చరిత్రపైనా ప్రభుత్వ వ్యవస్థపైనా అధికారి అడిగే ‘సివిక్స్ టెస్ట్’ అనే మౌఖిక పరీక్షలో నెగ్గవలసి ఉంటుంది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారిని ముందే ప్రకటించిన 128 ప్రశ్నలలో 20 వరకు అడుగుతారు. 12 సరైన జవాబులు చెబితే ఉత్తీర్ణులే గానీ, నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ఎంసెట్ తరహా వెసులుబాటు ఇందులో లేదు.

గ్రీన్ కార్డుతో, అంటే శాశ్వత నివాస అనుమతితో, 20 ఏళ్లు అక్కడ గడిపి 65 ఏళ్లు నిండినవారు మాత్రం 20 ప్రశ్నల ప్రత్యేక జాబితా చదువుకుంటే చాలు. వారిని పదే అడుగుతారు, ఆరు చెబితే గట్టెక్కినట్లే, ఆ జవాబులను దుబాసీ సాయంతో తెలుగులోనే చెప్పవచ్చు.

అక్కడి బడిపిల్లల చరిత్ర జ్ఞానాన్ని కొలిచే జాతీయ మదింపులో 2022లో ఎనిమిదో తరగతివారిలో 13 శాతం మందే ప్రావీణ్య స్థాయిని అందుకున్నారు. అయితే అది ఆధారాలను విశ్లేషించే శక్తినీ పరీక్షిస్తుంది కనుక, కంఠస్థానికి లొంగే పౌరసత్వ పరీక్షతో దానిని పోల్చడం సమంజసం కాదు.

అసలు భారతీయులకు ఈ పౌరసత్వ అర్హత లేదని అమెరికా సుప్రీంకోర్టు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు ఇవ్వగా, 1946 నాటి లూస్–సెల్లర్ చట్టం ఆ అర్హతను కల్పించింది.