విమీ గుట్ట పోరు

విద్యార్థులారా! అట్లాసులో ఫ్రాన్సు ఉత్తర భాగాన అరాస్ పట్టణాన్ని చూడండి. దాని సమీపంలోనే విమీ గుట్ట ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఆ గుట్టను ఆక్రమించింది. పైనుండి మైదానమంతా కనబడుతుంది గనుక ఎదుటివారి కదలికలు దానికి తెలిసేవి. గుట్ట కోసం పోరాడి ఫ్రెంచి సైనికులు వేలాదిగా మరణించారు.

కెనడా సైన్యం తొందరపడలేదు. శత్రువుల కందకాల నమూనాను నేలపై గుర్తించి అభ్యాసం చేసింది. సామాన్య సైనికులకు కూడా పటాలు పంచిపెట్టింది. నాయకుడు నేలకొరిగినా తక్కినవారు దారి తప్పకూడదని దాని ఉద్దేశం. 1917 ఏప్రిల్ 9న, మంచు కురుస్తుండగా, కెనడా డివిజన్లు నాలుగూ మొదటిసారి ఒక్కటై కదిలాయి. ఫిరంగులు గుండ్ల వరుసను క్రమంగా ముందుకు జరుపుతుండగా సైనికులు దాని వెనుకనే నడిచారు. 12వ తేదీకి గుట్ట వశమైంది.

దీనితో యుద్ధం ముగియలేదు. అయితే ఇటువంటి పోరాటాల వలన కెనడాకు గౌరవం పెరిగింది. 1919లో వర్సాయి సంధిపై కెనడా ప్రతినిధులు కూడా సంతకం చేశారు.

ఆ నాలుగు రోజులలో 3,598 మంది కెనడా సైనికులు మరణించారు. నేడు ఆ గుట్టపైనున్న స్మారకం మీద, ఫ్రాన్సులో మరణించి సమాధి తెలియని 11,000కు పైగా కెనడా సైనికుల పేర్లు చెక్కబడి ఉన్నాయి. విజయాన్ని చదివేటప్పుడు ఆ పేర్లను కూడా తలచుకొనండి.