సంధియా? ఆసనమా?

1947 నవంబరు 29న ఢిల్లీ ప్రభుత్వము నిజాముతో ఏడాది గడువునకు యథాతథపు ఒడంబడిక చేసికొనెను. పిమ్మట సికింద్రాబాదులోని భారతసేనయు తరలిపోయెను. కమ్యూనిస్టులు దీనిని ద్రోహమనిరి.

కౌటిల్యుని షడ్గుణములలో సంధి వేఱు, ఆసనము వేఱు. పణబంధముతో కలియుట సంధి. అదను కొఱకు ఉపేక్షించి యుండుట ఆసనము. ఈ ఒడంబడిక పేరునకు సంధి, పనికి ఆసనము. 1948 సెప్టెంబరు 13న సేన కదలెను. 17న నిజాము లొంగెను.

అయినను, వేచియున్నవారు ఢిల్లీలో నుండిరి. రజాకార్ల దాడులకు గురియైనవారు నల్లగొండ పల్లెలవారు. ఆ ఆగస్టుననే బైరాన్‌పల్లి నెత్తుట దడిసెను. కావున వేచియుండుట తప్పుగాదు. ఆ నడుమ ప్రజకు రక్షణ లేకుండుట తప్పు. ఆసనమునకు వెల యెవరిచ్చుచున్నారని నాయకుల నడుగుట ద్రోహము గాదు, పౌరధర్మము.