పాత ఇంటర్నెట్ మార్కెటింగ్ సూచనలు: పునఃపరీక్షా విధానం

మామిడిని నేరుగా వినియోగదారులకు అమ్మే రైతులకు ఇంటర్నెట్ మార్కెటింగ్‌పై ఇచ్చే సూచనలలో కొన్నింటికి కాలం చెల్లింది. కీవర్డ్ మెటా ట్యాగులను శోధన ఫలితాల క్రమానికి పరిగణించడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితుల, కుటుంబ సభ్యుల పోస్టులకు ప్రాధాన్యం పెంచగా, వ్యాపార పేజీల ప్రాధాన్యం తగ్గింది. అదే సంవత్సరం వాట్సాప్ భారతదేశంలో ఫార్వర్డ్ సందేశాలను ఒకేసారి ఐదు చాట్‌లకు పరిమితం చేసింది.

అయితే పాతదైనంత మాత్రాన ప్రతి సూచనా నిరుపయోగం కాదు. నిర్ణయించవలసింది క్షేత్ర పరీక్ష. ‘కోతకు ముందే పాత కొనుగోలుదారులకు సందేశం పంపాలి’ అన్న సూచనను ఉదాహరణగా తీసుకోవచ్చు. ప్రతి రైతునూ ఒక బ్లాకుగా భావించి, అతని కొనుగోలుదారుల జాబితాను యాదృచ్ఛికంగా రెండు సమూహాలుగా విభజించాలి. ఒక సమూహానికి సందేశం పంపాలి, రెండవది కంట్రోల్. ధర, రకం, అమ్మకపు తేదీలు రెండింటికీ ఒకటే ఉండాలి. ఒకే అపార్ట్‌మెంట్‌వాసులను ఒకే సమూహంలో ఉంచాలి. లేనిచో పొరుగు మడిలోకి ఎరువు చేరినట్లే, సందేశం కంట్రోల్ సమూహానికీ చేరుతుంది.

లైకులు, వీక్షణలు దిగుబడి కావు. ఆర్డర్లు, అందిన సొమ్ము, ప్రచార వ్యయం పోగా మిగిలిన నికర ఆదాయం నమోదు చేయాలి. ధర, దిగుబడి ఏటా మారుతాయి కనుక గత సంవత్సరపు అమ్మకాలు కంట్రోల్‌కు ప్రత్యామ్నాయం కావు. ఒక్క సీజన్ ఫలితం సిఫారసుకు చాలదు.

మాగిన కాయ కొనుగోలుదారు కోసం నిరీక్షించదు. పరీక్షించని సలహా మూల్యం చెల్లించేది రైతే.